క్రూజ్‌లో కిడ్స్ క్లబ్: షిప్పు కంటే ముందు పిల్లల వయసు చూడండి

అందరికీ నమస్తే. పిల్లలతో క్రూజ్‌కి వెళ్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది రూము గురించో, భోజనాల గురించో కాదు. "పిల్లల్ని ఆ కిడ్స్ క్లబ్‌లో వదలొచ్చా? వాళ్లు అక్కడ ఉంటారా? బాగా చూసుకుంటారా?" అనే అడుగుతారు. కిడ్స్ క్లబ్ అంటే షిప్పులో స్టాఫ్ పిల్లల్ని ఆడిస్తూ చూసుకునే చోటు. ఈ వీడియో అంతా దాని మీదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కిడ్స్ క్లబ్ చాలా మంచి ఏర్పాటు. కాకపోతే చాలామంది షిప్పు ఎంత పెద్దదో, వాటర్ స్లైడ్లు ఎన్నున్నాయో చూసి బుక్ చేస్తారు. చూడాల్సింది అది కాదండీ. మీ పిల్లల వయసుకి ఆ షిప్పులో ఏ క్లబ్ ఉంది, అది ఏ వేళల్లో తెరుస్తారు, లోపలికి రానివ్వడానికి వాళ్ల షరతులేంటి, ఇవి చూడాలి. మూడేళ్ల పాపకి బ్రహ్మాండంగా ఉన్న షిప్పే పన్నెండేళ్ల బాబుకి బోరు కొట్టొచ్చు.

మొదట బాగా చిన్నపిల్లల సంగతి. పేచీ అంతా ఇక్కడే ఉంది, అందుకే కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మామూలుగా ఆరు నెలలు నిండని బిడ్డని షిప్పు ఎక్కనివ్వరు. మహాసముద్రం దాటే లాంటి పొడుగు ప్రయాణాలైతే ఏడాది నిండాలి. ఎక్కాక కూడా, ఉచితంగా నడిచే కిడ్స్ క్లబ్ చాలా కంపెనీల్లో మూడేళ్లకి గానీ మొదలవదు. రాయల్ కరీబియన్‌లో అడ్వెంచర్ ఓషన్, నార్వీజియన్‌లో స్ప్లాష్ అకాడమీ, డిస్నీలో ఓషనీర్ క్లబ్, ఈ మూడింటికీ మూడేళ్లు నిండి ఉండాలి. రాయల్ కరీబియన్‌లోనూ, డిస్నీలోనూ వయసు నిండితే సరిపోదు, డయపర్ పూర్తిగా మానేసి ఉండాలి. టాయిలెట్‌కి తనంతట తాను వెళ్లగలగాలి. పుల్ అప్, అంటే నిక్కరులా తొడిగే డయపర్, వేసి పంపిస్తాం అంటే కుదరదు.

అందుకే రెండున్నరేళ్ల పిల్ల ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే. ప్రయాణాన్ని కొన్నాళ్లు వెనక్కి జరపగలిగితే జరపండి. వీలుకాదంటే కార్నివాల్ అనే కంపెనీ వైపు చూడండి. వాళ్ల క్యాంప్ ఓషన్‌లో రెండేళ్ల నుంచే తీసుకుంటారు, డయపర్ వాడే పిల్లలైనా పరవాలేదు. మార్చేది అక్కడి స్టాఫే, డయపర్లు, వైప్స్ మనం ఇచ్చి పంపాలి. ఎంఎస్‌సీ అనే ఇంకో క్రూజ్ కంపెనీ వాళ్లు, పసిపిల్లల వస్తువులు చేసే చికో కంపెనీతో కలిసి మూడేళ్ల లోపు పిల్లలకి బేబీ క్లబ్ నడుపుతారు. డిస్నీలోనూ, రాయల్ కరీబియన్ షిప్పులు చాలావాటిలోనూ ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు నర్సరీ ఉంటుంది. దానికి మాత్రం గంట లెక్కన డబ్బు కట్టాలి. సీట్లు తక్కువ, కాబట్టి షిప్పు ఎక్కాక చూసుకుందాంలే అనుకుంటే సాయంత్రం వేళలు ముందే నిండిపోతాయి. బుకింగ్ తెరిచిన రోజే మీకు కావాల్సిన గంటలు పెట్టేసుకోండి.

ఇక ఎక్కిన మొదటి రోజు. అందరూ నేరుగా బఫేకి వెళ్తారు. మీరు ముందు కిడ్స్ క్లబ్‌కి వెళ్లండి. ఆ మధ్యాహ్నం చాలా షిప్పుల్లో ఓపెన్ హౌస్ పెడతారు. అంటే పెద్దవాళ్లు కూడా లోపలికి వెళ్లి అంతా చూడొచ్చు. ఆ తర్వాత క్లబ్ నడిచే వేళల్లో తల్లిదండ్రుల్ని గుమ్మం దాటనివ్వరు. బయటి పెద్దవాళ్లు ఎవరూ పిల్లల మధ్యకి రాకూడదనే ఆ నియమం, నాకైతే అది బాగా నచ్చింది. అందుకే చూడాల్సింది ఆ ఒక్క పూటే చూసేయాలి. టాయిలెట్ ఎక్కడుంది, పాప ఒక్కతే తలుపు తీసుకోగలదా, గదిలో ఎంతసేపు స్క్రీన్ మీద బొమ్మలు వేస్తారు, ఎంతసేపు ఆడిస్తారు, అక్కడే నిలబడి అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పే స్టాఫ్ కనిపిస్తే మీ టెన్షన్ సగం తగ్గిపోతుంది.

డెస్క్ దగ్గర ఫారం ఉంటుంది. అలర్జీలు, భయాలు, ఎవరెవరు వచ్చి పిల్లని తీసుకెళ్లొచ్చు, అన్నీ అందులో రాయాలి. తాతయ్య, అమ్మమ్మ కూడా ప్రయాణంలో ఉంటే వాళ్ల పేర్లు కూడా చేర్చండి. పేరు లేకపోతే సొంత అమ్మమ్మ వచ్చి నిలబడినా పిల్లని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. చాలాచోట్ల ఒక రహస్య పదం పెట్టుకోమంటారు. తీసుకెళ్లేటప్పుడు అది చెప్పాలి. పిల్లకి చేతి బ్యాండ్ కడతారు. ఇంకో మాట, మందులు వాళ్లు వేయరు. మధ్యాహ్నం రెండింటికి సిరప్ పట్టాలంటే ఆ టైముకి మీరే వెళ్లి పట్టి రావాలి.

డిస్నీ ఓషనీర్ క్లబ్ గుమ్మంలో ఒక మెషీన్ ఉంటుంది. ముందు రెండు గుండ్రటి రంధ్రాలు. పిల్లలు రెండు చేతులూ అందులో పెడితే చుట్టూరా నీళ్లు, సబ్బు చిమ్మి అదే కడిగేస్తుంది. చేతులు తీస్తే ఆగిపోతుంది కాబట్టి పిల్లలు కదలకుండా నిలబడతారు, అదో ఆట వాళ్లకి. ఇంత శ్రద్ధ ఎందుకంటే, షిప్పులో కడుపు జబ్బు మొదలైతే ఊరికే పోదు. నోరోవైరస్ అని వింటుంటాం కదా, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. మీ పిల్లకి కడుపులో బాగోలేదంటే, టికెట్ డబ్బులు పోతాయనో, మీరు స్పా బుక్ చేసుకున్నారనో ఆ సంగతి దాచి క్లబ్‌లో దింపకండి. ఆ గదిలో ఉన్న ప్రతి బిడ్డ తల్లి తరఫునా అడుగుతున్నాను.

మొదటిసారి దింపడం. మా చిన్నది గుమ్మం దగ్గర నా కాళ్లని చుట్టేసుకుని బిక్కమొహం పెట్టింది. లోపలినుంచి ఒక అమ్మాయి వచ్చి కింద కూర్చుంది. దాన్ని ముట్టుకోలేదు, రమ్మని లాగలేదు. చేతిలో స్టిక్కర్ల షీటు పెట్టుకుని, "నా దగ్గర రెండు చేపలున్నాయి, ఏది పెద్దదో తెలియట్లేదు" అంది. మా చిన్నది నా కాళ్ల మీంచి ఒక వేలు తీసి చూపించింది. ఆ వేలు తీశాక రెండో చెయ్యి దానంతట అదే వదిలేసింది. ఆ రోజు కావాలనే అరగంటకే వెళ్లి తీసుకొచ్చాను. ఇంకా ఆడాలని ఉండగానే తీసుకొస్తే మర్నాడు పిల్లలే వెళ్దాం అంటారు. ఏడ్చేదాకా ఉంచితే మర్నాడు ఆ డెక్ (షిప్పులో అంతస్తు) వైపు కూడా రారు. నేను చెప్పే చిట్కాల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి. అమ్మ మాట ఇచ్చిన టైముకి వస్తుందని బిడ్డకి నమ్మకం కుదరాలి. దొంగచాటుగా మాత్రం వెళ్లిపోకండి. చెప్పే వెళ్లండి, కొంచెం ఏడ్చినా సరే.

పిల్ల ఏడుస్తుంటే మీకెలా తెలుస్తుంది? నడి సముద్రంలో మామూలు సిగ్నల్ ఉండదు, షిప్పు నెట్‌వర్క్‌లో రోమింగ్ బిల్లు గుండె ఆపేస్తుంది, ఫోను ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచాలి. కాబట్టి షిప్పు వైఫైలో నడిచే వాళ్ల యాప్ దించుకోండి. డిస్నీలో అయితే నావిగేటర్ యాప్ చాట్‌లో మెసేజ్ వస్తుంది. మీ షిప్పులో పద్ధతి ఏంటో ఫారం నింపే రోజే అడిగి, ఒకసారి మెసేజ్ పంపించి చూసుకోండి. మేము ఎక్కిన ఒక షిప్పులో మెసేజ్ మాకు చాలా ఆలస్యంగా అందింది. అప్పటికి పాప ఏడ్చి ఏడ్చి పడుకుండిపోయింది. ఆ సాయంత్రం నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అప్పటినుంచి పిలుపు కోసం ఎదురుచూడకుండా మొదటి రెండు రోజులు నేనే మధ్యలో వెళ్లి బయటినుంచి చూసి వస్తాను.

రద్దీ సంగతి. షిప్పు ఎక్కడా ఆగని రోజుల్లో, అంటే సీ డేస్‌లో, క్లబ్ కిటకిటలాడుతుంది. రేవులో ఆగిన రోజు అందరూ ఊరు చూడటానికి దిగిపోతారు, క్లబ్ ఖాళీ. మొహమాటస్తురాలైన పిల్ల ఉంటే అలాంటి రోజు దింపి మీరు షిప్పులోనే ఉండండి. నలుగురైదుగురు పిల్లలు, చేతినిండా స్టాఫ్, అంతకంటే మంచి మొదలు దొరకదు. పిల్లని క్లబ్‌లో ఉంచి మీరిద్దరూ ఊళ్లోకి దిగొచ్చా అన్నది మాత్రం కంపెనీని బట్టి, వయసుని బట్టి మారుతుంది. ముందే అడగండి. నా వరకు నేనైతే ఇద్దరం ఒకేసారి దిగం. ఒకరు షిప్పులో ఉంటాం.

రాత్రి భోజనం వేళ చాలామందికి తెలియని సదుపాయం ఒకటుంది. పెద్ద రెస్టారెంట్లో వడ్డన నెమ్మదిగా నడుస్తుంది. పిల్లలు తినేసి కుర్చీలో మెలికలు తిరుగుతుంటారు. డిస్నీలో డైన్ అండ్ ప్లే అని ఉంది. పిల్లలకి ముందే వడ్డించి, తినడం అవగానే క్లబ్ స్టాఫ్ అక్కడికే వచ్చి తీసుకెళ్తారు. మీరు మీ భోజనం వేడిగా, నిదానంగా చేయొచ్చు. ఇక రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి వాటిలో రాత్రి పది దాటాక ఉంచితే గంటకింత అని వసూలు చేస్తారు. అది నేరుగా మీ రూము ఖాతాలోకి వెళ్తుంది, చివరి రోజు బిల్లులో కనిపిస్తుంది.

ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలుంటే మీకు దిగుల్లేదు. సైన్స్ ప్రయోగాలు, నిధి వేట, ఎంఎస్‌సీలో అయితే లెగోలు, వాళ్లని బయటికి లాగడమే కష్టం. అక్కాతమ్ముళ్లు విడిపోతారా అన్నది మాత్రం చూసుకోండి. కార్నివాల్‌లో రెండు నుంచి ఐదు, ఆరు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పదకొండు, ఇలా గదులు వేరు. డిస్నీలో మూడు నుంచి పదేళ్ల వాళ్లంతా ఒకేచోట ఉండొచ్చు. అక్క పక్కన ఉంటేనే నిలబడే తమ్ముడు ఉన్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది.

పదకొండు, పన్నెండు వయసు కష్టం. చిన్నపిల్లల్లో కలవలేరు, టీనేజర్ల క్లబ్‌లోకి వయసు చాలదు. ఈ వయసు పిల్లల కోసమే అయితే విడిగా గది ఉన్న షిప్పు వెతకండి. డిస్నీలో ఎడ్జ్ పదకొండు నుంచి పద్నాలుగు వరకు, కార్నివాల్‌లో సర్కిల్ సీ పన్నెండు నుంచి పద్నాలుగు వరకు. ఇంకొకటి, ఈ వయసు దగ్గర పిల్లలు తామే సంతకం పెట్టి క్లబ్ నుంచి బయటికి వెళ్లేందుకు మన అనుమతి అడుగుతారు. ఇచ్చేముందు ఇంట్లో తేల్చుకోండి. ఏ డెక్‌ల దాకా తిరగొచ్చు, ఎన్నింటికి రూముకి రావాలి, ఇంకెవరి రూముకీ వెళ్లకూడదన్న నియమం, ఇవన్నీ నోటితో చెప్పి ఒప్పించాకే సంతకం చేయండి. మా పెద్దోడు నసపెట్టాడు, అయినా నేను తగ్గలేదు.

టీనేజర్లకైతే మొదటి రాత్రే ముఖ్యం. స్నేహబృందాలు ఆ ఒక్క రాత్రిలో కట్టేస్తాయి. మూడో రోజు వెళ్తే మూలన కూర్చుని ఫోను చూసుకుంటారు. బతిమాలి అయినా మొదటి రాత్రి పంపించండి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు బుక్ చేసే ముందే కంపెనీకి రాయండి. ఒక్కో బిడ్డకి విడిగా ఒక మనిషిని మామూలుగా ఇవ్వరు. రాయల్ కరీబియన్‌లో ఆటిజం ఉన్న పిల్లల్ని వయసుని బట్టి కాకుండా వాళ్ల సామర్థ్యాన్ని బట్టి గ్రూపులో పెట్టే వీలుంది, ముందుగా చెప్పి పెట్టుకోవాలి.

చివరగా భద్రత. 2012లో కోస్టా కంకోర్డియా అనే క్రూజ్ షిప్పు మునిగిన తర్వాత అంతర్జాతీయ నియమాలు మార్చారు. 2015 నుంచి షిప్పు బయల్దేరేలోపు, లేదా బయల్దేరిన వెంటనే ప్రయాణికులకి అత్యవసర డ్రిల్లు పెట్టాలి. ఆ డ్రిల్లులో అందరూ లైఫ్ జాకెట్ గురించి వింటారు. మీరు ఇంకో ప్రశ్న అడగండి: అలారం మోగినప్పుడు నా పిల్ల క్లబ్‌లో ఉంటే నేను అక్కడికి పరిగెత్తాలా, లేక స్టాఫ్ తనని మా మస్టర్ స్టేషన్‌కి, అంటే అలారం మోగితే మేము చేరాల్సిన చోటికి, తీసుకొస్తారా? చాలా షిప్పుల్లో పిల్లల చేతికి స్టేషన్ నంబరున్న బ్యాండ్ కట్టేది అందుకే. స్నానం చేయించేటప్పుడు దాన్ని తీసేసి సింకు పక్కన మర్చిపోకండి. మీ షిప్పు పద్ధతి ఏంటో మీ ఆయనకీ తెలియాలి, మీ అత్తగారికీ తెలియాలి. అలారం మోగాక ఇద్దరు మనుషులు ఎదురెదురు దిక్కుల్లో పిల్ల కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. క్లబ్ డెస్క్ దగ్గర, ఫారం మీద సంతకం పెట్టే ముందే ఇది అడిగేయండి. ఉంటానండి.