లిస్బన్ నుంచి సింట్రా, కష్కాయిష్ వన్ డే టూర్: బెజవాడలో కూర్చుని బుక్ చేసుకోవడం ఎలా?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. స్క్రీన్ కనిపిస్తోందిగా? ఓకే. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తే ఏమనుకోకండి, బెజవాడ, మే నెల, మిట్టమధ్యాహ్నం. ఫ్యాన్ ఆపి రికార్డ్ చేసే ధైర్యం నాకైతే లేదు.

ఈ వీడియో ఎవరికంటే... పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఉంటారు, అమ్మానాన్నలు ఇక్కణ్ణుంచి చూడ్డానికి వెళ్తారు, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని పోర్చుగల్ రాజధాని లిస్బన్ కూడా కలుపుకుంటారు. ఈమధ్య మన గుంటూరు, బెజవాడ వాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు. లిస్బన్ సిటీ సంగతి మీరే చూసుకోగలరు, ట్రామ్ ఎక్కితే అయిపోతుంది. నేను చెప్పేది దాని పక్కన ఒక్కరోజు టూర్. పొద్దున వ్యాన్ ఎక్కితే సింట్రా కొండ మీద ప్యాలెస్‌లు, మధ్యాహ్నం నుంచి అట్లాంటిక్ ఒడ్డు, సాయంత్రానికి మళ్ళీ లిస్బన్. అది ఇక్కడ ఇంట్లో కూర్చుని ఎలా బుక్ చేయాలో చూద్దాం.

వీసా ఇందులో చెప్పట్లేదు. అది ఇంకో వీడియో అవుతుంది.

సరే, బ్రౌజర్. ఇదిగో, టూర్లు బుక్ చేసుకునే సైట్, గెట్ యువర్ గైడ్ ఓపెన్ చేశా. వయేటర్ అయినా ఇంతే, పెద్ద తేడా ఏం లేదు. సెర్చ్‌లో సింట్రా, పెనా, కాబో ద రోకా, కష్కాయిష్ అని కొట్టండి. డేట్ పెట్టండి. మనుషులు, ఇద్దరు. భాష ఇంగ్లీష్. ఇక్కడ స్మాల్ గ్రూప్ అని టిక్. అయిపోయింది. లిస్టు వచ్చేసింది, చూశారా, బోలెడు.

స్మాల్ గ్రూప్ అంటే ఎక్కువగా ఎనిమిది మంది అని ఉంటుంది. ఏడు కాదు, పది కాదు, ఎనిమిదే ఎందుకు? యూరప్‌లో మామూలు కారు లైసెన్స్ మీద డ్రైవర్ కాకుండా ఎనిమిది మందిని ఎక్కించుకోవచ్చు, అంతకు మించితే బస్సు లైసెన్స్ కావాలి. అందుకే ఆ వ్యాన్లన్నీ ఎనిమిది సీట్లు. డ్రైవరే గైడ్ కూడా అయిపోతాడు. మనకి దాంతో లాభమేంటంటే, సింట్రాలో పైకెళ్ళే రోడ్డు మన దుర్గగుడి ఘాట్ రోడ్డు లాంటిదే అనుకోండి, ఇరుగ్గా, మలుపులు మలుపులుగా. యాభై మంది బస్సు టూర్ తీసుకుంటే దిగడానికి, ఎక్కడానికి, మనుషుల్ని లెక్కపెట్టుకోడానికే సగం రోజు పోతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే నన్నడిగితే వ్యానే. డబ్బు ఎక్కువే, కానీ వ్యానే.

ఇప్పుడు ఒకటి ఓపెన్ చేద్దాం. ఏదైనా పర్లేదు. ఇది. కిందికి స్క్రోల్... స్క్రోల్... ఫొటోలు చూడక్కర్లేదు, అన్నిట్లో అదే ఎర్రగా పసుపుగా ఉన్న ప్యాలెస్ ఫొటో ఉంటుంది. అదే పెనా ప్యాలెస్. పోర్చుగల్ రాణి రెండో మరియా భర్త ఫెర్డినాండ్ కట్టించింది. అక్కడ ముందు ఒక పాత మఠం ఉండేది, 1755లో లిస్బన్ భూకంపం వచ్చింది కదా, అందులో బాగా దెబ్బతింది. ఈయన 1838లో ఆ శిథిలాలు కొనుక్కుని, మొత్తం కొండంతా పార్కు చేసి, పైన ఇది కట్టాడు. ఎర్రగా ఉన్న వైపు పాత మఠం, పసుపు వైపు ఈయన కట్టిన కొత్త భాగం. ఇంతే గుర్తుపెట్టుకోండి, మిగతాది గైడ్ చెప్తాడు.

ఆగండి. ఇక్కడే. ఈ వీడియో మొత్తంలో ఒక్క ముక్క వినాలంటే ఇదే వినండి.

ఇదిగో, ఏమేం కలిసి ఉన్నాయి అనే లిస్టు. ఇక్కడ వ్యాన్, గైడ్, వైఫై, మంచినీళ్ళు అని పచ్చ టిక్కులు పడి ఉన్నాయి. మరి పెనా టికెట్? ఇంకా కిందికి రండి... ఎర్ర ఇంటూ పక్కన ఉంది. అంటే వ్యాన్ మిమ్మల్ని అక్కడ దింపుతుంది, టికెట్ మీరే కొనుక్కోవాలి. సరే, కొనుక్కుందాం, అదేం పెద్ద విషయం అనుకుంటాం. పెద్ద విషయమే! ఎందుకో చెప్తా.

పెనాకి టికెట్లు రకాలున్నాయి. పార్కు టికెట్ ఒకటి, పార్కుతో పాటు ప్యాలెస్ లోపలి గదులు కూడా చూపించే టికెట్ ఇంకోటి. పార్కు టికెట్ చవక. పార్కు టికెట్ ఉంటే గదుల్లోకి వెళ్ళనివ్వరు. కొన్ని టూర్లు 'పెనా టికెట్ కలిపి' అని పెద్ద అక్షరాల్లో రాస్తాయి, తీరా చూస్తే అది పార్కు టికెట్. అబద్ధం కాదు, కానీ మనం అనుకున్నదీ కాదు. అందుకని ఈ పేజీలో కంట్రోల్ ఎఫ్ కొట్టండి, ఇంగ్లీషులో ప్యాలెస్ అని టైప్ చేయండి, ఎక్కడెక్కడ ఆ మాట వచ్చిందో అన్నీ చదవండి. ఇంటీరియర్ అని కూడా వెతకండి. నేను ఏ సైట్ అయినా ముందు కంట్రోల్ ఎఫ్ కొడతా, పైనుంచి కిందదాకా చదివే ఓపిక ఎవరికుంది. ఫోన్‌లో అయితే మూడు చుక్కలు నొక్కి, ఫైండ్ ఇన్ పేజ్.

రెండోది, ఇది ఇంకా ముఖ్యం. ప్యాలెస్ టికెట్ మీద టైము ఉంటుంది. పది గంటలు అనుకోండి. ఆ పది గంటలు పార్కు గేటు దగ్గర కాదు. ప్యాలెస్ తలుపు దగ్గర. మళ్ళీ చెప్తున్నా, గేటు దగ్గర కాదు, పైన ప్యాలెస్ తలుపు దగ్గర. గేటు నుంచి పైకి ఎక్కడానికి అరగంట పెట్టుకోమని వాళ్ళే చెప్తారు, అంతా ఎత్తే. పదింటి టికెట్ పెట్టుకుని పదింటికి గేటు దగ్గర ఫొటోలు దిగుతుంటే పని అయిపోయినట్టే. టికెట్ మీద రాసిన టైము దాటితే లోపలికి రానివ్వరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గేటు నుంచి పైదాకా చిన్న బస్సు తిరుగుతుంది, దానికి వేరే డబ్బులు. మా అత్తయ్యగారి లాంటివాళ్ళు 'నేను నడుస్తాలే' అంటారు. నడవనివ్వకండి. బస్సు ఎక్కించండి.

కాబట్టి పేజీలో చూడాల్సింది ఏంటి? టూర్ ఎన్నింటికి బయల్దేరుతుంది, సింట్రాకి ఎన్నింటికి చేరుతుంది, టికెట్ వాళ్ళు కొంటారా మనం కొనాలా, మనం కొనాలంటే ఏ టైముది కొనాలి. లిస్బన్ నుంచి సింట్రా ముప్పై కిలోమీటర్లు చిల్లర. ఎనిమిదిన్నరకి బయల్దేరే టూర్‌కి తొమ్మిదిన్నర టికెట్ కొంటే అందదు. అనుమానముంటే ఇక్కడ, ఈ మెసేజ్ బటన్ నొక్కి నేరుగా అడిగేయండి, 'మీ వ్యాన్ పెనా గేటుకి ఎన్నింటికి వస్తుంది, ఏ స్లాట్ కొనమంటారు' అని. ఆ టికెట్లు అమ్మేది పార్కెష్ ద సింట్రా అనే సంస్థ, వాళ్ళ సొంత సైట్‌లోనే కొనండి. ఎండాకాలంలో పొద్దుటి టైములు త్వరగా అయిపోతాయి. అందుకే నా మాట ఏంటంటే, ప్యాలెస్ లోపలి టికెట్, టైముతో సహా కలిసి ఉన్న టూర్ కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి. ఆ రోజంతా ఆ ఒక్క టైము చుట్టూనే తిరుగుతుంది.

హమ్మయ్య. మిగతాది ఈజీ.

రూట్ చూద్దాం. మ్యాప్ ఇదిగో. లిస్బన్, సింట్రా, పెనా. కొన్ని టూర్లలో పెనాతో పాటు క్విన్టా ద రెగలేయిరా అనే పాత ఎస్టేట్ కూడా ఉంటుంది. అక్కడ తలకిందులుగా నిలబెట్టిన గోపురంలా ఉండే బావి ఫొటో చూసే ఉంటారు, మెట్లు సుడి తిరుగుతూ కిందికి దిగుతాయి, 27 మీటర్ల లోతు. అడుగు నుంచి సొరంగాలు. బాగుంటుంది, కానీ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సముద్రం దగ్గర పావుగంట కూడా మిగలదు. ఏదో ఒకటి. సింట్రా ఊళ్ళో రెండు తెల్లటి శంఖాల్లా కనపడేవి పాత రాజభవనం వంటింటి పొగగొట్టాలు. 33 మీటర్లు! ఏం వండేవాళ్ళో మరి. అవి రోడ్డు మీంచే కనిపిస్తాయి, టికెట్ అక్కర్లేదు.

తర్వాత కాబో ద రోకా. యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర ఇదే. ఒక రాతి స్తంభం, దాని మీద శిలువ, ఒక లైట్‌హౌస్, కింద కొండ అంచు నిలువుగా సముద్రంలోకి. 140 మీటర్లు. కంచె దాటి సెల్ఫీలు వద్దండి, నిజంగా వద్దు. గాలి మామూలుగా ఉండదు. తర్వాత గిన్షు బీచ్ పక్క నుంచి, బోకా దో ఇన్‌ఫెర్నో అనే రాతి గుహల దగ్గర ఆగి, కష్కాయిష్. చేపలు పట్టుకునే ఊరు, 1870ల్లో రాజుగారి కుటుంబం వేసవికి రావడం మొదలుపెట్టాక పెద్దింటోళ్ళంతా అక్కడే బంగళాలు కట్టారు. అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడి లిస్బన్.

ఇక్కడ ఒక మాట. మనకి మంగినపూడిలోనో సూర్యలంకలోనో సముద్రం అంటే సూర్యోదయం. అక్కడ పడమటి సముద్రం, కాబట్టి సూర్యాస్తమయం చూడాలని అందరికీ ఉంటుంది. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేది రాత్రి తొమ్మిదింటికి. ఈ టూర్లు సాయంత్రం ఐదారు గంటలకే అయిపోతాయి. డిసెంబర్‌లో అయితే ఐదుంపావుకే గుంకుతుంది. మీరు వెళ్ళే నెల చూసుకుని ఆశపడండి.

బట్టలు. ఇక్కడ నలభై నాలుగు డిగ్రీల్లో కూర్చుని స్వెట్టర్ మాట చెప్తే నవ్వొస్తుంది, కానీ పెట్టుకోండి. సింట్రా కొండకి వేసవిలో కూడా పొగమంచు పడుతుంది. లిస్బన్‌లో ఎండ కాస్తుంటే అక్కడ పెనా కనిపించకపోవచ్చు. నేను రివ్యూలు చదివేటప్పుడు ఫాగ్ అని సెర్చ్ చేస్తా, ఏ నెలలో ఎక్కువగా తిట్టుకున్నారో తెలుస్తుంది. రివ్యూలు కూడా తక్కువ స్టార్లవి ముందు. ఐదు స్టార్లవి అన్నీ ఒకటే, 'గైడ్ చాలా సరదా మనిషి' అని.

ఇంక డేట్, టైము ఎంచుకున్నా. ఎనిమిదిన్నర. ఇది లిస్బన్ టైము. ఫ్రీ క్యాన్సిలేషన్ 24 గంటల ముందు దాకా అంటే అదీ లిస్బన్ లెక్కే. వేసవిలో మనం నాలుగున్నర గంటలు ముందుంటాం, చలికాలంలో ఐదున్నర. జూన్‌లో గురువారం పొద్దున ఎనిమిదిన్నర టూర్ అయితే, మనకి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట లోపు క్యాన్సిల్ చేయాలి. క్యాలెండర్‌లో పెట్టేసుకోండి.

పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే. ఇంటిపేరు ముందా వెనకా అని కంగారొద్దు, పాస్‌పోర్ట్ చూసి కొట్టేయండి. ఫోన్ నంబర్‌కి ముందు ప్లస్ 91, వాట్సాప్ ఉన్న నంబరే ఇవ్వండి, పొద్దున డ్రైవర్ మెసేజ్ పెట్టేది అందులోనే.

పేమెంట్. యూపీఐ మర్చిపోండి, కార్డే. ముందు మీ బ్యాంక్ యాప్‌లో, కార్డ్ సెట్టింగ్స్, ఇంటర్నేషనల్, ఆన్‌లైన్, ఇది ఆన్ చేయాలి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులకి విదేశీ వాడకం మనం ఆన్ చేస్తేనే పని చేస్తుంది, ఆర్బీఐ రూలు. లిమిట్ కూడా అక్కడే. కట్టేశాక మళ్ళీ ఆఫ్. ఇక్కడ చూడండి, కరెన్సీ: రూపాయలా, యూరోలా అంటోంది. రూపాయల్లో చూపిస్తే తెలిసినట్టుంటుంది కానీ, ఆ మార్పిడి రేటు వాళ్ళు పెట్టింది. నేను యూరోలే పెడతా, నా కార్డుకి ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ, తక్కువ. మీ కార్డుది ఎంతో చూసుకుని, రెండూ లెక్కేసి, తక్కువ పడేది నొక్కండి. ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయితే భయపడకండి, బయటి సైట్లలో అది మామూలే.

మీటింగ్ పాయింట్. ఇదిగో, రెస్తౌరదోరెష్ అని ఉంది. పెద్ద చౌరస్తా. ఇక్కడ అడ్రస్ చదివి ఊరుకోవద్దు, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టి, స్ట్రీట్ వ్యూ కోసం ఉండే ఆ పసుపు మనిషి బొమ్మని లాగి రోడ్డు మీద వదలండి. ఇలా. ఏ వైపు నిలబడాలి, పక్కన ఏ షాపుంది, అన్నీ కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి అమ్మానాన్నల వాట్సాప్‌కి పంపేయండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో కూడా సేవ్ చేయండి.

తిండి. లంచ్ ఎక్కువ టూర్లలో కలవదు. ఆకుకూర సూప్ ఒకటి ఉంటుంది, కాల్దో వెర్ద్. పచ్చగా ఉంది కదా అని శాకాహారులు తెచ్చుకుంటారు, అందులో మామూలుగా పంది సాసేజ్ ముక్క వేస్తారు. లేకుండా ఇమ్మని ముందే అడగండి. సింట్రాలో త్రవెసెయిరో అని బాదం స్వీట్ బాగుంటుంది, కానీ గుడ్డు ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర పొట్లం, కారప్పొడి, గోంగూర పచ్చడి, ఏం పర్లేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం సూట్‌కేసులో పెట్టొద్దు. పాలతో చేసినవీ వద్దు. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేస్తారు. గుంటూరు వాళ్ళకి చెప్తున్నా ముఖ్యంగా.

ఇదిగో, కన్ఫర్మేషన్ వచ్చింది. వోచర్ పీడీఎఫ్ డౌన్‌లోడ్, ఒకటి ఫోన్‌లో, ఒకటి ప్రింట్. ప్యాలెస్ టికెట్ విడిగా కొంటే దానిదీ. లింకులన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టా. మీరు ఏ నెలలో వెళ్తున్నారో కామెంట్‌లో రాయండి, ఎవరెవరికి స్వెట్టర్ కావాలో చెప్తా. ఉంటానండీ.