ఏరేటర్ ఆగితే మెలకువ వస్తుంది

(దృశ్యం: కోనసీమ, ఉప్పలగుప్తం వైపు ఒక రొయ్యల చెరువు. అర్ధరాత్రి. నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే ఏరేటర్ల హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది.)

రాత్రి రెండున్నర. కరెంటు పోయింది. అంత చప్పుడులోనూ గురకపెట్టిన రైతు, అది ఆగేసరికి దిగ్గున లేచాడు. మంచం దిగకముందే గుండె దడ, అరచేతుల్లో చెమట.

రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తయారవదు, దాని వాడకం మాత్రం ఆగదు. తెల్లారగట్లకి అడుగంటుతుంది. జనరేటర్ అందుకోకపోతే రొయ్యలు తేలిపోతాయి.

(దృశ్యం: శరీరం బొమ్మ)

మెదడు కబురు పెట్టగానే, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. వెనకే కార్టిసాల్. రెండూ ఒత్తిడి హార్మోన్లే. రక్తంలో చక్కెర పెరుగుతుంది, కండరాలకి బలం అందుతుంది. చీకట్లో బురద గట్టు మీద అంత పరుగు దాని పుణ్యమే. ఇంతవరకూ టెన్షన్ మంచిదే.

జనరేటర్ తిరిగింది. కానీ కౌంట్ రేటు (రొయ్య సైజుని బట్టి కట్టే ధర), మేత బాకీ, పిల్ల కాలేజీ ఫీజు అలాగే ఉన్నాయి. వాటికి పరుగుతో పనిలేదు. అయినా ఒళ్లు మాత్రం పరుగుకి సిద్ధంగానే ఉంటుంది, నెలల తరబడి. చిక్కు అక్కడే.

(దృశ్యం: తెల్లారింది. ఇంటి వసారా.)

అదే ఇల్లు, అదే అప్పు. ఆయనకి మెడ పట్టేస్తుంది, చిరాకు. ఇంటరు చదివే కూతురు కంచంలో అన్నం కెలికి లేచిపోతుంది. తాతయ్య హాయిగా నిద్రపోతాడు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోట మొత్తం పోగొట్టుకున్న మనిషికి బాకీ ఒక లెక్కా? అయితే గాలి ఈలేసిందంటే మాత్రం తెల్లవార్లూ వసారాలోనే కూర్చుంటాడు.

ఇక ఆయన భార్య. తిన్నది అరగడం లేదు. “గ్యాసండీ” అంటుంది. మనవైపు టెన్షన్ తన సొంత పేరుతో ఎక్కడొస్తుంది లెండి! నన్నడిగితే ఆ ఇంట్లో ఎక్కువ నలిగేది ఆవిడే. అప్పుందని తెలుసు, ఎంతో ఎవరూ చెప్పరు. ఆయనకి కనీసం జనరేటర్ తాడు లాగే పనుంది. చేతిలో ఏమీ లేనివాళ్లకి అదే బరువు రెట్టింపు.

కాబట్టి ఇంట్లో లెక్క దాచకండి. ఛాతీ నొప్పిని మాత్రం గ్యాస్ అని మీరే తేల్చేయకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వారాల తరబడి నిద్రలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

(దృశ్యం: గట్టు మీద ఆయన జనరేటర్‌లో డీజిల్ పోస్తున్నాడు. పక్కన ఆవిడ, చేతిలో బాకీల పుస్తకం.)