తలనొప్పి లేని రోజు కూడా వేసుకునే మాత్ర

శ్రోతలకు నమస్కారం. పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, వచ్చినప్పుడు వేసుకునే మాత్ర వేరు. అది రాకుండా రోజూ వేసుకునే మాత్ర వేరు. ఈ రెండో రకం గురించి చెబుతాను. నెలకు నాలుగు రోజులో అంతకు మించో నొప్పితో మంచం పట్టేవారికి డాక్టర్లు వీటిని సూచిస్తారు.

ఎక్కువగా వాడే పాత మందులు మైగ్రేన్ కోసం పుట్టినవి కావు. ప్రొప్రనలాల్ గుండెకు తయారైంది. గుండెనొప్పికి దాన్ని వాడేవారిలో మైగ్రేన్ కూడా తగ్గుతోందని 1966లో గమనించారు. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందు, టోపిరమేట్ మూర్ఛ మందు.

ఇవి నిజంగా పనిచేస్తాయా? 2004లో వెలువడిన ఒక పరీక్షలో, రోజుకు 100 మిల్లీగ్రాముల టోపిరమేట్ వాడిన వారిలో 49 శాతం మందికి నొప్పి వచ్చే సార్లు సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గాయి. మందే లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలోనూ 23 శాతం మందికి అంతే తగ్గాయి! అంటే నూటికి 26 మందికి అదనంగా మేలు జరిగింది. చిన్న సంఖ్యలా అనిపించవచ్చు. కానీ నెలకు ఎనిమిది సార్లు వచ్చే నొప్పి నాలుగు సార్లకు తగ్గితే ఆ ఇంట్లో ఎంత తేడానో, పడినవాళ్లకే తెలుసు.

పిల్లల విషయం మాత్రం వేరు. 8 నుంచి 17 ఏళ్లవారిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. అమిట్రిప్టిలిన్‌తో 52 శాతం, టోపిరమేట్‌తో 55 శాతం, ఉత్తుత్తి మాత్రతో 61 శాతం మందికి తలనొప్పి రోజులు సగానికి పైగా తగ్గాయి. దుష్ఫలితాలు మాత్రం మందులు వాడినవారిలోనే ఎక్కువ. అందుకే పిల్లలకు తొందరపడి ఈ మాత్రలు మొదలుపెట్టించకండి. ముందు నిద్ర, వేళకు తిండి, నీళ్లు చూసుకుందాం.

మైగ్రేన్ కోసమే తయారుచేసిన ఎరెన్యుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకొకసారి తీసుకోవాలి. ఖరీదు ఎక్కువ.

ఇక జాగ్రత్తలు. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. టోపిరమేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కవచ్చు, మాట తడుముకోవాల్సి రావచ్చు. అది, మైగ్రేన్ రాకుండా వాడే మరో మూర్ఛ మందు వాల్‌ప్రొయేట్ కూడా కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పెళ్లయిన అమ్మాయిలకు ఇది ముందే చెప్పకపోవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

రెండు వారాలు వాడి 'తగ్గలేదు' అని మానేస్తుంటారు. సరైన మోతాదులో కనీసం రెండు నెలలు చూడాలి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులకు పైగా వేసుకుంటుంటే, వాటివల్లే తలనొప్పి పెరుగుతూ ఉండవచ్చు. గోడమీది క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన తేదీకి ఒక గుర్తు, మాత్ర వేసుకున్న తేదీకి ఇంకో గుర్తు పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు పట్టుకెళ్లండి.