గ్రీనిచ్ వార్డులో మేరీ వాకర్

ప్రిన్సిపాల్ గారికి, ఆచార్యులకు, వైద్య విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారాలు. నా పరిచయానికి పట్టిన సమయమే ఎక్కువైంది కనుక నేరుగా మేరీ బ్రాడ్‌ఫుట్ వాకర్ అనే వైద్యురాలి దగ్గరికి వస్తాను.

ఆమె 1888లో స్కాట్లాండ్‌లోని విగ్‌టౌన్‌లో పుట్టారు. 1913లో ఎడిన్‌బరోలో వైద్యపట్టా పుచ్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో పనిచేసి, 1920లో లండన్ నగరం గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో అసిస్టెంట్ మెడికల్ ఆఫీసరుగా చేరారు. అది నిరుపేదల కోసం వెలసిన ఆసుపత్రి. పేరుమోసిన నిపుణులు వచ్చి చూసి వెళ్ళేవారు; రోగులను రోజంతా కనిపెట్టుకుని ఉండే పని ఆమె వంటి జీతపు వైద్యులది.

1934లో ఆ వార్డులో యాభై ఆరేళ్ళ స్త్రీ ఒకరు మయస్థీనియా గ్రేవిస్‌తో, అంటే కండరాలు తొందరగా అలిసి సత్తువ కోల్పోయే జబ్బుతో ఉన్నారు. కనురెప్ప వాలిపోయేది, చేతుల్లో సత్తువ ఉండేది కాదు, దవడ జారిపోయేది, మింగుడు కష్టమయ్యేది. ఆ ఆసుపత్రికి వచ్చే నాడీ వైద్యుడు డెరెక్ డెన్నీ బ్రౌన్, ఈ జబ్బు లక్షణాలు క్యురారే విషం ఎక్కినట్టే ఉంటాయని మేరీ వాకర్‌తో అన్నారు. క్యురారే అంటే దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే విషం. అలాంటప్పుడు క్యురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఈ జబ్బుకు ఎందుకు పనిచేయకూడదని మేరీ వాకర్‌కు తోచింది. చర్మం కింద సూదిమందు ఇచ్చిన అరగంట, గంట లోపల వాలిన ఎడమ రెప్ప పైకి లేచింది, చేతులకు బలం వచ్చింది, మింగడం తేలికైంది. కొన్ని గంటలకు ఆ గుణం తగ్గిపోయింది. అయినా, ఊపిరి ఆడని గండం నుంచి రోగిని గట్టెక్కించడానికి ఇది ఉపయోగపడవచ్చని, లోపం కండరంలో కాక నాడి వచ్చి కండరాన్ని తాకే చోట ఉందనే అభిప్రాయాన్ని ఇది బలపరుస్తోందని ఆమె 1934 జూన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికకు చిన్న లేఖ రాశారు. ఆ నాడి చివర నుంచి కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుందని శాస్త్రవేత్త హెన్రీ డేల్ బృందం నిరూపించింది 1936లో. వార్డు వైద్యురాలి చూపు ప్రయోగశాల కంటే రెండేళ్ళు ముందే సరైన చోట ఆగింది.

జర్మనీలో రెమెన్ అనే వైద్యుడు 1932లోనే ఇదే జాతి మందును ఒక రోగికి ఇచ్చారు. ఆ ఫలితానికి ఉన్న విలువను మాత్రం ఆయన పట్టుకోలేదు. రెప్ప లేవడం ఇద్దరూ చూశారు. అది ఏం చెబుతోందో అడిగింది మేరీ వాకర్. 1935లో ఆమె రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారి ఎదుట ఫైసోస్టిగ్మిన్ జాతికే చెందిన ప్రోస్టిగ్మిన్ ప్రభావాన్ని చూపించారు. దాన్నే మనం నియోస్టిగ్మిన్ అంటున్నాము.

ఆమె జీవితమంతా వరుసగా చెప్పాలని రాసుకొచ్చాను గానీ, ఇక్కడికి వచ్చేసరికి మా పెద్దమ్మ గుర్తుకు వస్తోంది, ఆ సంగతి చెప్పకుండా ముందుకు సాగలేను. పెద్దమ్మ పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం దాటితే రెప్పలు వాలేవి, మాట ముక్కులోంచి వచ్చేది, రాత్రి ముద్ద గొంతు దిగేది కాదు. పని తప్పించుకోవడానికి వేషాలు వేస్తోందని ఇంట్లో తిట్టారు. పొద్దున పూట చూసిన డాక్టరు గారు ఏ లోపమూ కనిపించక, మనసు జబ్బని చెప్పి నిద్రమాత్రలు రాసిచ్చారు. కండరం సడలిన మనిషికి ఇవ్వకూడని మందు అది. చాలా కాలం తర్వాత ఒక యువ వైద్యుడు ఆమెను సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే కూర్చోబెట్టాడు. పైకప్పు వైపు రెప్ప వేయకుండా చూడమన్నాడు. నిమిషం గడవకుండానే రెండు రెప్పలూ నల్లగుడ్డు సగం కప్పేశాయి. నియోస్టిగ్మిన్ జాతికే చెందిన మాత్ర వేసిన గంటకు పెద్దమ్మ కళ్ళు పూర్తిగా తెరిచి మమ్మల్ని చూసింది. అన్నాళ్ళు ఆమె పడ్డ మాటలను ఏ మందు తుడుస్తుంది?

పిల్లలూ, ఇది మీ చేతిలో ఉన్న పని. అలసట అని వచ్చిన ఆడమనిషిని మనసు జబ్బని పంపేముందు ఒక్క నిమిషం పైకి చూడమనండి, ఒకటి నుంచి యాభై దాకా గట్టిగా లెక్కపెట్టమనండి, గొంతు మారుతోందా వినండి. దీనికి స్కానింగు అక్కర్లేదు.

మేరీ వాకర్‌కు దక్కినదేమిటి? 1935లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆమె ఎం.డి. సిద్ధాంతవ్యాసానికి బంగారు పతకం ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఆమె బోధనాసుపత్రి ఆచార్య పీఠం ఎక్కలేదు, జీతపు వైద్యురాలిగానే కొనసాగారు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ జీన్ హంటర్ బహుమతి ఇచ్చేసరికి 1962 వచ్చింది, ఆమెకు డెబ్బై దాటాయి. 1974లో ఆమె కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో మందు పేరు ఉంటుంది, ఆమె పేరు వెతుక్కోవాలి. ఈ అన్యాయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

మన పొలాల్లో నాగుపాము కాటు తిన్న రైతుకు రెప్పలు వాలి, ఊపిరి బరువెక్కితే, ఆ విషం కూడా క్యురారే లాగే నాడీ కండర సంధి దగ్గరే అడ్డుపడుతుంది. అందుకే విషవిరుగుడు సీరంతో పాటు, ముందు నియోస్టిగ్మిన్ దుష్ప్రభావాలను అడ్డుకునే అట్రోపిన్ ఇచ్చి, ఆపైన నియోస్టిగ్మిన్ ఇస్తాము. కట్లపాము విషం నాడి చివరనే దెబ్బతీస్తుంది కనుక అక్కడ ఈ మందును అంతగా నమ్ముకోలేము. రోగికి ఊపిరి అందించే ఏర్పాటే ముఖ్యం. రేపు మీరు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరినా, మొదటి రోజునే మందుల బీరువా తెరిచి సీరం, అట్రోపిన్, నియోస్టిగ్మిన్ మూడూ ఉన్నాయో లేదో, గడువు దాటాయో లేదో చూడండి. లేకపోతే ఆ రోజే ఇండెంట్ పెట్టండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.