నీళ్లు బాగాలేవని తేలాక ఏం చేస్తారు?

సభలో ఉన్న పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

తిరుపతిలో మాట్లాడుతున్నాను కాబట్టి బోరు నీళ్లతోనే మొదలుపెడతాను. మన పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసుకున్నాం. లోతున రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ చేరే అవకాశం ఎక్కువ. ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. అది సలహా, చట్టం కాదు. మీ ఎండలు, మీ జనం తాగే నీళ్లు చూసుకుని హద్దు పెట్టుకోండని ఆ సంస్థే చెబుతుంది. మే నెలలో పొలం పని చేసే మనిషి ఎన్ని నీళ్లు తాగుతాడో మీకు తెలుసు. అమెరికా చట్టం మాత్రం 4 దాకా ఒప్పుకుంటుంది.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఫరవాలేదు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, గత్యంతరం లేకపోతే 2000. కరువు సీమలో ఆ మినహాయింపే రోజూ తాగే నీరవుతుంది.

డబ్బున్న యూరప్‌కూ తిప్పలే. నీళ్లలో సీసం అనే లోహాన్ని లీటరుకు 10 మైక్రోగ్రాములకు దించాలని 1998లో రాసుకుని, 2013 దాకా గడువు పెట్టుకున్నారు. 2020లో 5కి తగ్గించి, 2036 దాకా టైం ఇచ్చుకున్నారు. సీసం పైపులు జనం ఇళ్లలోనే ఉన్నాయి మరి!

ఇక్కడ నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది. ప్రమాణం ఢిల్లీలో రాస్తారు, మోటరు స్విచ్ పంచాయతీలో ఉంటుంది. కానీ అసలు చిక్కు పరీక్ష దగ్గర ఉందని నా నమ్మకం. నీళ్లు పనికిరావని కాగితం మీద తేలిన రోజే ప్రభుత్వానికి ఖర్చు మొదలవుతుంది: ఫిల్టరు, ట్యాంకరు, లేదంటే దూరం నుంచి పైపులైను. పరీక్ష జరగకపోతే ఆ ఖర్చు జనమే ఇరవై లీటర్ల క్యాన్ల రూపంలో కట్టేస్తారు. కట్టలేని ఇంట్లో పిల్లలు బోరు నీళ్లే తాగుతారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నీళ్లలో చేరే ఆర్సెనిక్ అనే విషం విషయంలో బంగ్లాదేశ్ దశాబ్దాలపాటు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లీటరుకు 10 మైక్రోగ్రాములకు బదులు 50 దగ్గరే ఆగింది. దాన్ని నేను నిర్లక్ష్యం అనను. హద్దు దించితే లక్షల గొట్టపు బావుల నీళ్లు వద్దనాలి. బదులు ఏం ఇస్తారు?

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలంది. మంచిదే. ఫలితం చెడ్డగా వస్తే ఎన్ని రోజుల్లో వేరే నీళ్లిస్తారు? డబ్బు ఏ పద్దులోంచి? వచ్చే గ్రామసభలో ఈ రెండూ అడగండి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి.