కెంపు నల్లబడితే కీడు కాదు, జిడ్డు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే, నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చి లాకర్లు తెరిచారంటే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "కెంపు ఉంగరం నల్లబడిందండీ, ఇంటికేమన్నా కీడా?" కీడూ లేదు, దోషమూ లేదు. చాలాసార్లు అది ఒట్టి జిడ్డు.

నవ్వుతున్నారు గానీ, ఈ భయం ఇవాళ్టిది కాదు, మన ఒక్కళ్ళదీ కాదు. 1600 డిసెంబరులో జర్మనీలో గాబెల్‌కోవర్ అనే ఆయన భార్యతో కలిసి స్టుట్‌గార్ట్ నుంచి కాల్వ్‌కి వెళ్తుంటే, తన వేలికున్న కెంపు దారిలోనే వెలవెలబోయిందట. తర్వాత ఆవిడ జబ్బుపడి పోయింది, ఆ పైన రాయికి మళ్ళీ రంగు వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. పాపం ఆయన దుఃఖాన్ని తక్కువ చేయను గానీ, నాకు మాత్రం ఆ ఉంగరాన్ని ఒక్కసారి సబ్బునీళ్ళలో కడిగి చూడాలనిపిస్తుంది. బర్మాలో సైనికులైతే ఇంకో అడుగు ముందుకేశారు. చర్మం కోసి లోపల కెంపు పెట్టుకుంటే కత్తి దిగదని నమ్మేవాళ్ళు.

మన దగ్గర గరుడపురాణం కథ ఉంది. బలాసురుడి శరీరం నుంచి రత్నాలన్నీ పుట్టాయి. అతని రక్తాన్ని సూర్యుడు తీసుకుపోతుంటే రావణుడు అడ్డం వచ్చాడు, అది లంకలో ఒక ఏట్లో పడింది, ఆ ఏరే రావణగంగ, ఆ రక్తమే మాణిక్యం. ఈ కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కట్టినవాడికి కెంపులు ఎక్కడ దొరుకుతాయో బాగా తెలుసు. శ్రీలంకలో రత్నపుర చుట్టుపక్కల ఇవాళ్టికీ పొలాల్లో గుంటలు తవ్వి, పాత ఏటికంకర పైకి తీసి, బుట్టల్లో కడిగి రాళ్ళు ఏరుతారు. పాముల తలమీద మాత్రం దొరకదండోయ్. నాగమణి అమ్ముతామని ఎవరన్నా ఫోన్ చేస్తే పోలీసులకి చెప్పండి.

ఇప్పుడు జిడ్డు సంగతి. కెంపు అంటే అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే దానికి రంగే ఉండదు, రవ్వంత క్రోమియం చేరితే ఎర్రనవుతుంది. ఆ క్రోమియం స్ఫటికం లోపల ఇరుక్కుని ఉంటుంది, మన చెమటకో, శని దశకో బయటికి రాదు. మరి ఎందుకు నల్లబడుతోంది? కెంపు సూర్యుడి రత్నం కదా, ఆదివారం పూట ఉంగరపు వేలికి పెట్టుకోమంటారు, రాయి అడుగు చర్మానికి తగలాలంటారు. అందుకని వెనక తెరిచి ఉంచి కడతారు. ఆ తెరిచిన చోట సబ్బు, నూనె, చపాతీ పిండి, పసుపు అన్నీ చేరి పొరలా గట్టిపడతాయి. పైనుంచి వెళ్ళిన వెలుతురు అడుగున తగిలి వెనక్కి రావాలి, ఆ పొర ఉంటే రాదు. ఉంగరం తిరగేసి చూడండి, బూడిదరంగు పొర మీకే కనబడుతుంది.

అలాంటి ఉంగరానికి గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల షాంపూ, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. గిన్నెలో కడగండి. సింకులో కడిగారంటే రాయి ఊడిందో లేదో తెలిసేలోపే గొట్టంలో ఉంటుంది.

ఇదే పని పాత కమ్మలకీ, జడబిళ్ళకీ, కెంపుల వంకీకీ చేశారనుకోండి, నగ పోయినట్టే. వాటికి వెనక మూసి ఉంటుంది. లోపల లక్క ఉంటుంది, చాలావాటిలో రాయి కింద మెరుపు కోసం పల్చటి రేకు పెడతారు. నీళ్ళు లోపలికి దిగితే ఆ రేకు మచ్చలు పడి నల్లబడుతుంది, ఇక పై నుంచి ఎంత తోమినా పోదు. కొన్నిటికి ముత్యాలు కూడా ఉంటాయి, వాటికి సబ్బు పడదు, గుచ్చిన దారం నానితే తెగుతుంది. కొంచెం తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడవండి, తర్వాత పొడిగుడ్డతో. అంతే.

ఇంకో మాట, వినడానికి బాగోదు. అమ్మమ్మ నగ కాబట్టి గని నుంచి తీసిన కెంపే అయి తీరాలని లేదు. ఫ్రాన్స్‌లో వెర్నాయ్ అనే ఆయన ఫ్యాక్టరీ కెంపు తయారీ పద్ధతిని 1902లోనే బయటపెట్టాడు. పాత హెచ్ఎంటీ వాచీ డయల్ మీద 17 జ్యూయెల్స్ అని ఉంటుందే, ఆ జ్యూయెల్స్ కూడా ఇలాంటి కెంపులే. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగంలో ఉన్న పెద్ద ఎర్రరాయిని బ్లాక్ ప్రిన్స్ రూబీ అని ఇప్పటికీ పిలుస్తున్నారు, అది అసలు కెంపే కాదు, స్పైనెల్ అనే వేరే రకం రాయి. రాజులకే తెలియలేదు, మీరు టెన్షన్ పడకండి.

ఫ్యాక్టరీ రాయితో పెద్ద ప్రమాదం లేదు, గట్టిదనం ఒకటే. మోస్ కొలతలో 9, దానిపైన వజ్రం ఒక్కటే 10. అసలు జాగ్రత్త పడాల్సింది సీసం గాజు నింపిన కెంపులతో. పగుళ్ళున్న చవక రాళ్ళలోకి సీసం కలిసిన గాజు కరిగించి పోస్తారు, కంటికి నున్నగా, ఎర్రగా ఉంటాయి. లెన్స్ కింద గాలి బుడగలు, పక్కకి తిప్పితే నీలపు మెరుపు. వీటికి నిమ్మరసం తగిలినా లోపలి గాజు తినేస్తుంది, తెల్లటి గీతలు తేలతాయి. నిమ్మచెక్కతో నగలు తోమే అలవాటు ఎవరికుందో చేతులెత్తండి... చూశారా, సగం మంది! బిల్లు మీద ట్రీట్‌మెంట్ ఏం చేశారో రాయించుకోండి.

దాచేటప్పుడు ఒక్కో నగకీ ఒక్కో మెత్తటి సంచి. కెంపు పక్కనున్న ముత్యాన్నీ బంగారాన్నీ గీస్తుంది, దాన్ని వజ్రం గీస్తుంది.

ఉంగరం సైజు మార్పించేటప్పుడు, అతుకు పెట్టకముందే రాయి తీసేయమని కంసాలిగారికి చెప్పండి. వెలిగారం రాసి మంట పెడితే మంచి కెంపు పైభాగం కూడా గరుకవుతుంది, గాజు నింపినదైతే అక్కడే పాడైపోతుంది. తీసి మళ్ళీ కట్టడానికి కూలి అడుగుతారు, ఇవ్వండి.

నగలు తెచ్చుకున్నవాళ్ళు ఈ టేబుల్ దగ్గరకి వరసగా రండి, లెన్స్ ఉంది. ముందు వెనకవైపు చూపించండి.