పిల్లలు స్కూలుకెళ్లని ఇంటికి ఏ ఏరియా మంచిది? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మాటలు ఎలా దొర్లాయో అలాగే ఉంచాం. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం. పేర్ల బదులు హోదాలు వాడాం.)

యాంకర్: నమస్కారం. ఈ వారమంతా ఫోన్లలో తిరిగిన ఫోటో మీరూ చూసే ఉంటారు. ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన అంటించిన నోటీసు. "స్కూలు వేళల్లో పిల్లలు ఆటస్థలంలో కనిపించరాదు." పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే ఒక కుటుంబం కొత్తగా ఆ ఊరికి మారింది. దిగిన మూడో వారానికే ఈ నోటీసు. సగం మంది అసోసియేషన్‌ను తిట్టారు, మిగతా సగం "ఏరియా చూసుకుని దిగాలి కదా" అన్నారు. నా ప్రశ్న ఒక్కటే. ఇల్లు తీసుకునే ముందే "మా పిల్లలు స్కూలుకెళ్లరు" అని చెప్పాలా, దాచాలా? మేడమ్, మీరు తొమ్మిదేళ్లుగా హోమ్‌స్కూలింగ్ చేస్తున్నారు, మూడు ఊళ్లు మారారు. చెప్పండి.

తల్లి: చెప్పడం, దాచడం తర్వాతి సంగతండీ. ముందు ఆ ఏరియాను ఏ టైమ్‌లో చూశారన్నది అడగాలి. అందరూ ఆదివారమో, సాయంత్రమో వెళ్లి చూస్తారు. అప్పుడు ఏ వీధైనా పిల్లలతో కళకళలాడుతూనే ఉంటుంది. మాకు కావలసింది మంగళవారం పొద్దున 11 గంటలకు అక్కడ ఏముందన్నది. మొన్న అలాగే ఒక లైబ్రరీకి వెళ్లాను. చూడబోయే ఇంటికి నాలుగు నిమిషాల నడక. ఇంకేం కావాలి అనుకున్నా. తీరా వెళ్తే పిల్లల విభాగంలో లైట్లు ఆర్పేసి ఉన్నాయి. చిన్న కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి పెట్టారు. అడిగితే అక్కడి అమ్మాయి, "నాలుగింటికి తెరుస్తామండీ, అప్పటిదాకా పిల్లలెవరొస్తారు?" అంది.

ఏజెంట్: మేడమ్, ఒక్క నిమిషం. లైబ్రరీ చూసి ఇల్లు తీసుకునే రోజులు పోయాయి. 22 ఏళ్లుగా ఇళ్లు చూపిస్తున్నాను నేను. వచ్చిన ప్రతి వాళ్లకూ ఒకటే చెబుతా. మంచి స్కూలున్న ఏరియా తీసుకోండి, కళ్లు మూసుకుని. పిల్లల్ని పంపుతారా, పంపరా, అది మీ ఇష్టం. ఏరియా మాత్రం అదే.

యాంకర్: పంపనప్పుడు ఎందుకు?

ఏజెంట్: రీసేల్! రేపు అమ్మేటప్పుడు కొనేవాడు స్కూలు గురించే అడుగుతాడు, మీ లైబ్రరీ గురించి కాదు.

ప్లానర్ (నగర ప్రణాళికలు వేసేవారు): దీనికి లెక్క ఉందండీ. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ శివార్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ ఇల్లు ఏ స్కూలు పరిధిలో ఉంటే పిల్లలకు ఆ స్కూలే. రెండు స్కూళ్ల పరిధిని విడదీసే గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చారు. గాలి అదే, చుట్టుపక్కల అదే, తేడా స్కూలు ఒక్కటే. పరీక్షల్లో మార్కులు 5 శాతం ఎక్కువున్న స్కూలు వైపు ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ పెట్టడానికి సిద్ధపడ్డారని తేలింది. మరి ఆ స్కూలు గడప తొక్కని కుటుంబం ఆ 2.5 శాతం ఎందుకు...

ఏజెంట్: అమ్మేటప్పుడు వెనక్కి వస్తుందిగా సార్! మీరే నా మాట రుజువు చేశారు.

తల్లి: అద్దెకుండేవాళ్లకు రీసేల్ ఎక్కడిదండీ? ప్రతి నెలా కట్టడమే కదా.

(ఇక్కడ దాదాపు నిమిషం పాటు ఎవరి మాటా తెలియలేదు. రాసుకుంటున్నవారి చెవికి 'రీసేల్' అన్న మాట మాత్రం మూడుసార్లు తగిలింది.)

యాంకర్: ఆగండి, ఆగండి. అందరూ నా ప్రశ్నను తప్పిస్తున్నారు. పక్కింటివాళ్లకు చెప్పాలా, దాచాలా? మాస్టారూ?

విశ్రాంత హెడ్‌మాస్టర్: చెప్పాలి. ఎందుకంటే హాజరు అనేది చిన్న విషయం కాదు. మా రోజుల్లో హాజరుపట్టీ మీద ఎర్ర సిరా గీత పడిందంటే మర్నాటికి తండ్రి వచ్చి నిలబడేవాడు. ఆ పట్టీలు ఇప్పటికీ నా దగ్గర...

యాంకర్: ఎర్ర సిరా సంగతి బాగుంది మాస్టారూ, కానీ...

ప్లానర్: మాస్టారు హాజరు అన్నారు కాబట్టి చెబుతున్నా. ఏరియా కన్నా ముందు చట్టం చూసుకోవాలి. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, ఇంటి చదువు ఒప్పుకోరు. తల్లిదండ్రులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లారు. 2006లో ఒకసారి, 2019లో ఇంకోసారి, రెండుసార్లూ కేసు నిలవలేదు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు తెలియజేస్తే సరిపోయేది. 2021 చట్టం వచ్చాక, 2022 విద్యా సంవత్సరం నుంచి ముందే అనుమతి తీసుకోవాలి.

ఏజెంట్: సార్, మనం ఏరియా గురించి మాట్లాడుతున్నాం. మీరు దేశాలు తిప్పుతున్నారు.

ప్లానర్: ఏరియా గురించే. అమెరికాలో టెక్సాస్‌లో ఇంటి చదువుకు రిజిస్ట్రేషనే లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాదికి నాలుగు రిపోర్టులు ఇవ్వాలి, అవీ మీరుండే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, అక్కడి బడుల్ని నడిపే స్థానిక విభాగానికన్నమాట. అంటే నాలుగు వీధులు అటు మారితే మీ ఫైలు చూసే ఆఫీసే మారిపోవచ్చు. ఒక చోట కాగితం అందిందని సంతకం పెట్టి ఊరుకుంటారు, ఇంకో చోట ప్రతి దానికీ ప్రశ్న వేస్తారు. ఇల్లు చూసే ముందు అక్కడ ఇప్పటికే చేస్తున్నవాళ్లను ఒక్కరినైనా అడగాలి. ఇది నా మొదటి పాయింటు. రెండోది...

యాంకర్: అంటే ఆఫీసుకు చెప్పాలి. మరి పొరుగువాళ్లకు?

ప్లానర్: అదెలా ఉన్నా, అమెరికాలో కొన్ని ఊళ్లలో డే టైమ్ కర్ఫ్యూలు కూడా ఉన్నాయి. స్కూలు వేళల్లో పిల్లలు బయట తిరిగితే ఆపి అడిగే హక్కు...

యాంకర్: పోలీసులా? పిల్లల్ని పోలీసులు ఆపుతారా?

ప్లానర్: ఆపి అడగొచ్చు. ఇంట్లో చదువుకునేవాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. కానీ ఆ సంగతి వీధిలో ఆ పన్నెండేళ్ల పిల్లాడే వివరించుకోవాలి.

(ఆ తర్వాత నాలుగు నిమిషాలు పోలీసుల చుట్టూనే తిరిగింది. అందులో మన విషయానికి సంబంధించింది ఏమీ లేదు కాబట్టి వదిలేశాం.)

తల్లి: పోలీసుల దాకా ఎందుకండీ. మా వాడిని పార్కు బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్లే రోజూ అడిగేవారు, "ఏరా, స్కూలు ఎగ్గొట్టావా?" అని. మొదటి వారం నవ్వాడు. రెండో వారం జవాబు చెప్పాడు. మూడో వారం పార్కుకు రానన్నాడు. అందుకే చెబుతున్నా, పగటిపూట ఆ వీధిలో పిల్లలు కనిపించడం మామూలేనా, వింతా అన్నది ముందు చూసుకోవాలి.

ఏజెంట్: అందుకే స్కూలు దగ్గర తీసుకోమంటున్నా! మీ హోమ్‌స్కూలింగ్ వాళ్లలోనే పెద్ద ఉదాహరణ చెప్పనా? టిమ్ టీబో. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, 2007లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే అవార్డు అది. స్కూలు చదువంతా ఇంట్లోనే. ఫ్లోరిడాలో 1996 నుంచి చట్టం ఉంది, ఇంట్లో చదువుకునే పిల్లలు కూడా తాముండే పరిధిలోని స్కూలు టీమ్‌లో ఆడొచ్చు. అతనేం చేశాడు? ఒక హైస్కూల్ టీమ్‌లో ఆడటం కోసం తల్లితో కలిసి పక్క కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిది, అపార్ట్‌మెంట్‌కు మారాడు! స్కూలుకు వెళ్లనివాడు కూడా స్కూలు చూసే ఇల్లు మారాడు. ఇంకేం కావాలి?

(స్టూడియోలో నవ్వులు.)

తల్లి: అది ఆట కోసమండీ. అందరి పిల్లలూ...

ఏజెంట్: ఇవాళ ఆట, రేపు చదువు! పదిహేనేళ్లొచ్చాక మీ అబ్బాయే "నేను స్కూలుకెళ్తా" అంటే? అప్పుడు మళ్లీ సామాన్లు సర్దుతారా? చెప్పండి మేడమ్.

తల్లి: అది నిజమే, అలా అడిగే పిల్లలు ఉన్నారు. కానీ...

ఏజెంట్: నిజమే అన్నారు! నోట్ చేసుకోండి.

యాంకర్: మేడమ్ ఒప్పుకున్నారు.

తల్లి: సగం వాక్యానికే ఒప్పుకున్నట్టా? పూర్తి చేయనివ్వండి. అందరి ఇళ్లూ పొద్దున తొమ్మిదికి ఖాళీ అయి సాయంత్రం నిండుతాయి. మా ఇల్లు రోజంతా నిండే ఉంటుంది. పై అంతస్తులో డ్రిల్లింగ్ మెషిన్ నడిస్తే ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు తెలియనే తెలియదు. మాకు ఆ పూట లెక్కలు పోతాయి. ఇంట్లో ఒకరు పనిచేసుకుంటుంటే తలుపు వేసుకునే రెండో గది కావాలి. పగలు వెలుతురు కావాలి. ఆ ఎక్కువ అద్దె పెట్టేదేదో ఆ గదికి పెట్టుకుంటాం.

యాంకర్: హోమ్‌స్కూలింగ్ గ్రూపులు ఉంటాయంటారు కదా, వాటి దగ్గర తీసుకోవచ్చుగా?

తల్లి: మేం చేసిన తప్పు అదే. రెండో ఊళ్లో కేవలం గ్రూపు కోసమే ఒక ఏరియాలో దిగాం. నడిపేది ఒకావిడ. ఎనిమిది నెలలకు ఆవిడ వేరే ఊరు వెళ్లిపోయారు, గ్రూపూ పోయింది. మాకు మిగిలింది చుట్టూ రోడ్డు, మధ్యలో ఇల్లు. వాడికి పదమూడేళ్లు, ఎక్కడికెళ్లాలన్నా నేను తీసుకెళ్లాల్సిందే. మరీ దూరంలోనూ వద్దు. నలభై నిమిషాల ప్రయాణమైతే మొదటి నెల హుషారుగా వెళ్తారు, తర్వాత వానొచ్చినా మానేస్తారు.

ప్లానర్: నా రెండో పాయింటు అదే! బస్సు. చాలాచోట్ల టైమ్‌టేబుల్ వేసేదే ఆఫీసు, స్కూలు రద్దీని బట్టి. పొద్దున పది నిమిషాలకొకటి ఉన్న రూట్‌లో మధ్యాహ్నం...

ఏజెంట్: కారుంటే బస్సెందుకు సార్?

ప్లానర్: పదమూడేళ్లవాడు కారు నడుపుతాడా?

విశ్రాంత హెడ్‌మాస్టర్: నేను సైకిల్ మీద వెళ్లేవాణ్ని.

ఏజెంట్: సైకిల్ బాటలు కూడా మంచి స్కూళ్ల దగ్గరే ఉంటాయి. నేనేదో అమ్ముకోవడానికి చెబుతున్నాననుకోకండి. 22 ఏళ్లలో...

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది. అందరినీ సమానంగా మాట్లాడించానని అనుకుంటున్నా. ఒక్క మాటలో. చెప్పాలా, దాచాలా?

విశ్రాంత హెడ్‌మాస్టర్: చెప్పాలి.

తల్లి: మనం దాచినా పిల్లాడు చెప్పేస్తాడండీ. లిఫ్టులో, మొదటి రోజే.

ప్లానర్: నేను బస్సు గురించి...

యాంకర్: చెప్పాలా, దాచాలా సార్?

ప్లానర్: చెప్తే ఇల్లు ఇవ్వనివాళ్ల దగ్గర దాచి ఉండి మాత్రం...

ఏజెంట్: మంచి స్కూలు పక్కన ఉంటే ఎవరూ అడగరు! స్కూలుకే వెళ్తున్నాడనుకుంటారు. అదీ నా సమాధానం.

యాంకర్: అదిరింది. ఇంతటితో ఇవాళ్టి చర్చ...

(సంగీతం మొదలైంది. ఏజెంట్ మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.)

ఏజెంట్: మేడమ్, మీరన్న ఆ లైబ్రరీ పక్క వీధిలో ఒక ఫ్లాట్ ఖాళీగా ఉంది. రెండో గది ఉంది. ఆదివారం రండి, చూపిస్తా.

తల్లి: మంగళవారం పదకొండింటికి వస్తానండీ.

ఏజెంట్: మంగళవారం నాకు కుదరదు మేడమ్.